దుబాయ్‌లో బావతో వ్యాపారం: స్పాన్సర్‌కి 51 శాతం రాయాలంటున్నారు, ఇది ఇంకా అవసరమేనా?

రాజోలు_కురిడీ:

నమస్కారం అండీ అందరికీ. పోస్టు పొడుగైంది, ఏమనుకోకండి.

మాది రాజోలు పక్కన ఊరు. కొబ్బరి వ్యాపారం. పెద్దదేం కాదు, తోటల్లో దింపు తీయించి, ఒలుపు చేయించి అంబాజీపేట మార్కెట్‌కి తోలడం, ధర బాగుంటుందనిపిస్తే కాస్త కురిడీ నిల్వ పెట్టుకోవడం. మా అక్కా వాళ్ళు దుబాయ్‌లో ఉంటారు. బావ పదకొండేళ్ళుగా ఒక సరుకుల గోడౌన్‌లో సూపర్‌వైజర్, అక్కడి మలయాళీ కిరాణా కొట్లన్నీ ఆయనకి తెలుసు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక మాట పడేశాడు. "కేరళ వాళ్ళ చిప్స్‌కి ఎంత గిరాకీ ఉందో రోజూ చూస్తున్నాను, మన ఆత్రేయపురం పూతరేకులు, కురిడీ, ఎండు రొయ్యలు, పచ్చళ్ళు గట్టిగా అమ్మేవాడు లేడు, సరుకు నువ్వు పంపు, అక్కడ సంగతి నేను చూసుకుంటా" అని. కరామాలో చిన్న షాపు, వెనకాల ఒక స్టోరు తీసుకుందామని ఆలోచన.

నా వంతు 25 లక్షలు. 10 నా దగ్గరున్నాయి. మిగతా 15 కి అర ఎకరం తోట తాకట్టు పెట్టాలి, నాన్న ఇంకా సంతకం పెట్టలేదు.

అసలు విషయానికొస్తే, అక్కడ లైసెన్సులు చేసిపెట్టే టైపింగ్ సెంటర్ ఆయన చెప్పిన పద్ధతి ఇది. ఒక ఎమిరాతీ (అక్కడి పౌరుడైన) పెద్దమనిషి స్పాన్సర్‌గా ఉంటాడు, కంపెనీలో 51 శాతం ఆయన పేరు, 49 బావ పేరు. ఆయనకి ఏడాదికి 30 వేల దిర్హమ్‌లు కట్టాలి. "ఈ కంపెనీలో నాకే హక్కూ లేదు, లాభమంతా వీళ్ళదే" అని విడిగా ఒక కాగితం రాసిస్తాడట. ఇక నా పేరు ఎక్కడా ఉండదు. అడిగితే "మన మధ్య కాగితాలేంట్రా" అన్నాడు బావ. డబ్బు కూడా బ్యాంకులో పంపితే పన్ను పట్టేస్తారు, మన దగ్గర్లోనే ఒకాయన ఉన్నాడు, ఇక్కడ రూపాయలిస్తే అక్కడ దిర్హమ్‌లు ఇప్పిస్తాడు అంటున్నాడు.

బావ మోసం చేసే మనిషి కాదండీ, అది నాకు తెలుసు. కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. 51 శాతం రూలు ఇంకా ఉందా? ఆ విడి కాగితానికి విలువ ఉంటుందా? నా పేరు లేకుండా 25 లక్షలు పెట్టొచ్చా?


ముమ్మిడివరం_బాబాయ్:

బాబూ, ఆ విడి కాగితం లాంటిది నా బీరువాలో ఒకటుంది. కావాలంటే వచ్చి చూసుకో, ఆయ్.

నేను కువైట్‌లో పదమూడేళ్ళు చేశాను. ఆర్టికల్ 18 అకామా, అంటే ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఇచ్చేది. మొదట ఒక కొట్లో సేల్స్‌మన్‌ని, తర్వాత మా కఫీల్, అంటే స్పాన్సర్, పేరు మీద ఫర్వానియాలో సొంతంగా బకాలా (కిరాణా కొట్టు) పెట్టాను. సొంతంగా అని నేననుకున్నాను. లైసెన్సు ఆయన పేరు, అద్దె కాగితం ఆయన పేరు, బ్యాంకు ఖాతా ఆయన పేరు, నెలకి 120 దీనార్ల జీతానికి పనిచేసే మనిషిగా నా పేరు. పక్కన అరబిక్‌లో ఒక కాగితం, కొట్టు నాదేనని, ఆయన వేలిముద్ర కూడా వేయించుకున్నాను. ఆయన దేవుడి లాంటి మనిషి, ఏడేళ్ళు ఒక్క ఫిల్సు ఎక్కువ అడగలేదు, రంజాన్‌కి మా ఇంటికి ఖర్జూరం పంపేవాడు.

ఆయన పోయాడు. నలభై రోజులు తిరక్కుండా కొడుకులు ఇద్దరు వచ్చి లెక్కలు అడిగారు. "ఇది మా నాన్న కొట్టు, నువ్వు జీతగాడివి" అన్నారు. వాళ్ళు చెప్పింది కాగితం ప్రకారం నిజమే కదా. ఒక వకీలుని కలిస్తే ఆయన నా కాగితం చదివి తిరిగిచ్చేసి, "దీన్ని కోర్టులో పెడితే ఇన్నాళ్ళూ లైసెన్సు లేకుండా వేరేవాళ్ళ పేరు మీద వ్యాపారం చేశానని నువ్వే ఒప్పుకున్నట్టు" అన్నాడు. రెండు ఫ్రిజ్‌లు, రాక్‌లు, సరుకు, ఉద్దెర ఖాతా పుస్తకం అన్నీ వదిలేసి విమానం ఎక్కాను. ఉద్దెర పుస్తకం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నీ బావ మంచోడే అయ్యుంటాడు. ఆ ఎమిరాతీ కూడా మంచోడే అయ్యుంటాడు. వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళ సంగతేంటి?


షార్జా_చంటి:

అన్నా అంత టెన్షన్ ఎందుకు, ఫ్రీజోన్‌లో పెట్టెయ్. నూటికి నూరు శాతం మనదే, స్పాన్సర్ గొడవే లేదు, వారంలో లైసెన్సు చేతికొస్తుంది. దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో 1985 నుంచి ఇదే పద్ధతి కదా. నా ఫ్రెండ్ ఒకడు ఐటీ కంపెనీ అలాగే నడుపుతున్నాడు, ఆఫీసు కూడా లేదు, ఒక టేబుల్ మాత్రమే.


భీమవరం_ఆడిటర్:

చంటి గారూ, ఐటీ వాడికి టేబుల్ చాలు, పచ్చళ్ళు అమ్మేవాడికి చాలదు. ఫ్రీజోన్ అంటే చట్టం లెక్కలో కస్టమ్స్ గోడకి అవతల ఉన్నట్టు. అక్కడి నుంచి సరుకు దుబాయ్ ఊళ్ళోకి వస్తే దిగుమతి కింద లెక్క, సుంకం కట్టాలి. కరామాలో షట్టర్ ఎత్తి చిల్లరగా అమ్మాలంటే ఫ్రీజోన్ లైసెన్సు ఒక్కటి ఉంటే కుదరదు, మెయిన్‌లాండ్ లైసెన్సు, అంటే ఫ్రీజోన్ బయట ఊళ్ళో వ్యాపారానికి ఇచ్చేది, కావాలి. సరుకు తెచ్చి మళ్ళీ వేరే దేశాలకి పంపేవాళ్ళకీ, సేవలు అమ్మేవాళ్ళకీ ఫ్రీజోన్ బంగారం. ఈ కుర్రాడి పనికి కాదు.

ఇక కురిడీ గారి మొదటి ప్రశ్న. నేను భీమవరంలో ప్రాక్టీసు చేస్తాను, రొయ్యల ఎగుమతిదారులు కొందరికి దుబాయ్ కంపెనీల పని కూడా చూస్తాను, కాబట్టి కాస్త నమ్మకంగా చెప్పగలను. యూఏఈలో పాత రూలు ప్రకారం మెయిన్‌లాండ్ కంపెనీలో కనీసం 51 శాతం ఎమిరాతీదే ఉండాలి, అది నిజమే. 2020 లో కంపెనీల చట్టాన్ని సవరించి దాన్ని తీసేశారు, 2021 నుంచి అమల్లోకి వచ్చింది. తర్వాత 2022 జనవరి 2 నుంచి పూర్తిగా కొత్త కంపెనీల చట్టమే వచ్చింది, 2021 నాటి 32వ నంబరు చట్టం. ఇప్పుడు మామూలు వ్యాపారాల్లో చాలావాటిని విదేశీయుడు మొత్తం తన పేరు మీదే పెట్టుకోవచ్చు. బ్యాంకులు, బీమా, టెలికాం, భద్రత లాంటివాటికి మాత్రం విడిగా జాబితా ఉంది. సరదాకి చెబుతున్నా, ఆ జాబితాలో చేపల వేటకి సంబంధించిన సేవలు కూడా ఉన్నాయి, కానీ మీ ఎండు రొయ్యల ప్యాకెట్టు దాని కిందకి రాదు, కంగారు పడకండి.

ఏ పని విదేశీయులకి పూర్తిగా వదిలారు అనేది ఒక్కో ఎమిరేట్‌లో అక్కడి ఆర్థిక శాఖ చూస్తుంది. దుబాయ్‌లో దాన్ని ఆర్థిక, పర్యాటక శాఖ అంటారు. లైసెన్సులో మీరు చేసే పనికి ఒక కోడ్ ఉంటుంది. ఆహార పదార్థాల వ్యాపారం, దిగుమతి, చిల్లర అమ్మకం వేర్వేరు కోడ్‌లు. మీ బావని టైపింగ్ సెంటర్‌కి కాకుండా నేరుగా ఆ శాఖ కౌంటర్‌కి వెళ్ళి, ఈ కోడ్‌లకి ఎమిరాతీ వాటా అవసరమా కాదా అని అడగమనండి. అరగంట పని. అవసరం లేదని తేలితే ఆ 30 వేల దిర్హమ్‌లు ఏటా దేనికి కడుతున్నారో అప్పుడు టైపింగ్ సెంటర్ ఆయన్ని అడగండి. పాత నమూనా కాగితాలు పెట్టుకుని ఇంకా అదే అమ్ముతున్నవాళ్ళు ఉన్నారు, స్పాన్సర్ దగ్గర వాళ్ళకి కమీషన్ ముడుతుంది.

రెండో ప్రశ్న, విడి కాగితం. యూఏఈలో బినామీ వ్యాపారానికి వ్యతిరేకంగా 2004 నుంచే చట్టం ఉంది. చట్టాన్ని తప్పించుకోడానికి రాసుకున్న కాగితం పట్టుకుని న్యాయం చేయమని జడ్జి ముందుకు వెళ్తే ఏమవుతుందో బాబాయ్ గారు చెప్పేశారు, నేను కలిపేదేం లేదు. రూలు ఉన్న రోజుల్లో జనం గతిలేక ఆ పని చేశారు. గతి ఉన్నప్పుడు కూడా చేస్తే ఏమనాలి?

మూడోది, మీ పేరు. మీరు ఇండియాలో ఉంటూనే అక్కడి కంపెనీలో వాటాదారు కావచ్చు, వీసా అక్కర్లేదు. అక్కడి ఎల్ఎల్‌సీలో (పరిమిత బాధ్యత కంపెనీ) ఒకరి నుంచి 50 మంది దాకా భాగస్వాములు ఉండొచ్చు. కంపెనీ స్థాపన ఒప్పందంలో మీ పేరు, మీ శాతం, మేనేజర్ ఎవరు, మేనేజర్ ఒక్కడే ఎంత మొత్తం దాకా సంతకం చేయొచ్చు, ఎవరైనా వాటా అమ్మాలనుకుంటే ముందు ఎవరికి చెప్పాలి, ఇవన్నీ రాయించాలి. అది అరబిక్‌లో ఉంటుంది, పక్కన ఇంగ్లీషు పెడతారు. రెండిటికీ తేడా వస్తే అక్కడి కోర్టులో అరబిక్ మాటే చెల్లుతుంది. కాబట్టి అరబిక్ వైపు ఏముందో బయటి అనువాదకుడితో, బావ తెలిసినవాడితో కాదు, చదివించుకోండి. మీరు వెళ్ళలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు, ఇక్కడ నోటరీ, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ ఎంబసీ ముద్రలు పడాలి. ఆ పవర్ మళ్ళీ బావకే, అన్ని అధికారాలతో ఇచ్చేస్తే ఇంత శ్రమా వృథా.

బావ ఇప్పుడు చేసే ఉద్యోగం వాళ్ళు ఒప్పుకుంటారా అనేది కూడా ముందే తేల్చుకోండి. సరుకుల గోడౌన్‌లో పనిచేస్తూ సరుకుల వ్యాపారం పెడితే యజమాని ఊరుకోడు.


రాజోలు_కురిడీ:

ఆడిటర్ గారూ మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. బాబాయ్ గారూ, మీ సంగతి నాన్నకి చదివి వినిపించాను, ఆయన ఏం మాట్లాడకుండా తోటలోకి వెళ్ళిపోయాడు. అంటే సంతకం పెట్టడని అర్థం.

ఇంకో డౌటు. బావ ఫ్రెండ్ ఒకాయన దమ్మామ్‌లో ఉన్నాడు, దుబాయ్‌లో పోటీ ఎక్కువ, సౌదీలో పెడదాం అంటున్నాడట. అక్కడా ఇదే చట్టమా? అన్నీ అరబ్ దేశాలే కదా.


ఖోబార్_తమ్ముడు:

వద్దు, అస్సలు వద్దు. నేను ఖోబార్‌లోనే ఉన్నా. ఒక దేశం చట్టం ఇంకో దేశంలో చెల్లదు, దుబాయ్‌లో నడిచింది కదా అని ఇక్కడ చేస్తే జైలే.

ఇక్కడ దాన్ని తసత్తుర్ అంటారు, అంటే కప్పిపుచ్చడం. సౌదీ వాడి పేరు మీద విదేశీయుడు వ్యాపారం నడిపితే ఇద్దరికీ శిక్ష. 2020 లో కొత్త చట్టం తెచ్చారు, ఐదేళ్ళ దాకా జైలు, 50 లక్షల రియాల్స్ దాకా జరిమానా. అప్పటికే అలా నడుపుతున్నవాళ్ళకి సరిచేసుకోమని 2022 ఫిబ్రవరి దాకా గడువిచ్చారు, ఆ టైమ్‌లో మా వీధిలో కొట్లు ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. పట్టిచ్చినవాడికి జరిమానాలోంచి 30 శాతం దాకా బహుమతి కూడా ఉంది అన్నా, అంటే పక్క కొట్టోడే పట్టించొచ్చు.

చట్టబద్ధంగా రావాలంటే పెట్టుబడుల మంత్రిత్వ శాఖ దగ్గర నమోదు చేసుకుని విదేశీ కంపెనీగా రావాలి. 2000 నాటి విదేశీ పెట్టుబడి చట్టం స్థానంలో కొత్తది 2025 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది, లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ అన్నారు, సొంతవాళ్ళకీ బయటివాళ్ళకీ ఒకటే హక్కులు అన్నారు, చదవడానికి బాగానే ఉంది. కానీ లెక్క వేసుకో. విదేశీయుడి లాభం మీద 20 శాతం పన్ను, వ్యాట్ 15 శాతం, పైగా ఇంతమంది సౌదీ వాళ్ళని పెట్టుకోవాలి అని కోటా. పెద్ద కంపెనీలకి సరే. పూతరేకుల కొట్టుకి ఇవన్నీ ఎక్కడ మోస్తావ్?


మస్కట్_మనోడు:

ఒమన్ సంగతి కూడా రెండు ముక్కలు. ఇక్కడ ఒకప్పుడు కంపెనీ పెట్టాలంటే ఒమానీ వాటాదారుడు, పైగా లక్షన్నర రియాల్స్ మూలధనం చూపించాలి, మనలాంటోళ్ళకి కల్లో మాట. 2019 నాటి 50వ రాజాజ్ఞతో విదేశీ పెట్టుబడి చట్టం మార్చారు, 2020 జనవరి నుంచి నూరు శాతం మన పేరు మీదే పెట్టుకోవచ్చు. కాకపోతే ఒమానీలకి మాత్రమే అని చిన్నచిన్న వ్యాపారాల జాబితా ఒకటుంది, అది పెరుగుతూనే ఉంది, ఇవాళ లేని పని రేపు అందులో చేరొచ్చు. మంత్రిత్వ శాఖ జాబితా తాజాది చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. నేను చూసుకోకుండా ఇచ్చాను, అద్దె అడ్వాన్సు పోయింది. అంతకంటే చెప్పను, మా ఆవిడ ఈ ఫోరం చదువుతుంది.


ముమ్మిడివరం_బాబాయ్:

కువైట్ మాత్రం మారలేదు, కొత్తవాళ్ళు తెలుసుకోండి. 1980 నాటి వాణిజ్య చట్టం ప్రకారం విదేశీయుడు వ్యాపారం చేయాలంటే కువైటీ భాగస్వామికి 51 శాతం ఉండాల్సిందే. 2013 లో నూరు శాతం ఇచ్చే చట్టం ఒకటి పెట్టారు కానీ దానికి ప్రత్యేక సంస్థ అనుమతి కావాలి, అది టెక్నాలజీ, ఉద్యోగాలు తెచ్చే పెద్ద కంపెనీలకి, బకాలాలకి కాదు. 2024 లో అయితే ఆర్టికల్ 18 అకామా ఉన్నవాళ్ళు కంపెనీల్లో భాగస్వాములుగా ఉండటం మీదే అక్కడి వాణిజ్య శాఖ బిగించింది, భాగస్వామివైతే ఆర్టికల్ 19 ఉండాలి అని. మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వరసగా ఫోన్లు చేశారు, ఏం చేయాలి బాబాయ్ అని. నేనేం చెప్తాను.


రాజమండ్రి_లా_స్టూడెంట్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. లా మూడో సంవత్సరం, ఇలాంటి వాదన ఎక్కడ కనబడినా ఆగలేను.

అసలు ఈ 51 ఎందుకు పెట్టారో చూస్తే అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. కువైట్‌లో 1960 కంపెనీల చట్టంలోనే ఉంది, యూఏఈ 1984 చట్టంలో పెట్టుకుంది. చమురు డబ్బుతో బయటి నుంచి లక్షల మంది వచ్చి వ్యాపారం చేస్తుంటే సొంత పౌరుల చేతిలోంచి బజారు జారిపోకుండా వేసిన కంచె అది. పన్నులు లేని దేశంలో ప్రతి వ్యాపారం మీదా పౌరుడికి దక్కే అద్దె లాంటిది. ఇప్పుడు యూఏఈ ఆ కంచె తీసేసి 2018 లో 5 శాతం వ్యాట్, 2023 జూన్ నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకి 9 శాతం కార్పొరేట్ పన్ను పెట్టింది. స్పాన్సర్‌కి పోయేది కొంత ఖజానాకి పోతోంది అనుకోవచ్చు, ఇది నా లెక్క, చట్టంలో రాసి లేదు.

మన ఏజెన్సీలో 1/70 చట్టం గుర్తు తెచ్చుకోండి. రంపచోడవరం వైపు గిరిజనేతరులు భూమి కొనకూడదు, కానీ గిరిజనుడి పేరు మీద కాగితం రాయించి సాగు చేసినవాళ్ళు ఎంతమంది లేరు? కాగితం ఒకరిది, నాగలి ఒకరిది. అక్కడ చట్టం కాపాడేది పేదవాణ్ణి, గల్ఫ్‌లో కాపాడేది డబ్బున్నవాణ్ణి, ఆ తేడా చిన్నది కాదు. కానీ బినామీ వాడి అవస్థ రెండు చోట్లా ఒకటే.

ఇంకోటి, "అన్నీ అరబ్ దేశాలే కదా" అన్నారు. పోలికలున్నాయి, ఎందుకంటే ఈజిప్టులో సన్హూరీ అనే ఆయన తయారుచేసిన 1948 సివిల్ కోడ్ నీడ కువైట్, యూఏఈ, ఖతార్ సివిల్ చట్టాల మీద పడింది. ఒప్పందం అంటే ఏమిటి, మోసం అంటే ఏమిటి, చాలా వరకు ఒకేలా ఉంటుంది. సౌదీలో మాత్రం 2023 దాకా రాసిపెట్టిన సివిల్ కోడే లేదు, జడ్జిలు షరియా గ్రంథాల నుంచే తీర్పు చెప్పేవారు. విదేశీ పెట్టుబడి చట్టాలు మాత్రం ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళు రాసుకున్నవే, అక్కడ పోలిక వెతకొద్దు.


భీమవరం_ఆడిటర్:

బాగా చెప్పావమ్మా. 9 శాతం గురించి ఒక మాట కలపాలి, లేకపోతే కురిడీ గారు హడలిపోతారు. లాభం ఏడాదికి 3,75,000 దిర్హమ్‌లు దాటితేనే, దాటినదాని మీదే. పైగా అమ్మకం 30 లక్షల దిర్హమ్‌ల లోపు ఉన్న చిన్న వ్యాపారాలకి 2026 డిసెంబరు 31 లోపు ముగిసే సంవత్సరాల దాకా ఊరట ఉంది, కోరుకోవాలి, దానంతట అది రాదు. పన్ను లేకపోయినా రిజిస్ట్రేషన్ తప్పదు, ఆలస్యమైతే 10 వేల దిర్హమ్‌ల జరిమానా. "మనకి పన్ను లేదుగా" అని రిజిస్టర్ చేసుకోకుండా ఇది కట్టినవాళ్ళని చూశాను.

ఇప్పుడు అందరూ వదిలేసిన విషయం, ఇక్కణ్ణించి డబ్బు పంపడం. కురిడీ గారూ, ఆ "దగ్గర్లో ఉన్న ఒకాయన" మాట ఇంకెప్పుడూ ఎత్తకండి. అది హవాలా. ఫెమా, అంటే మన విదేశీ మారకం చట్టం, కింద పంపిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు, 25 లక్షలకి 75 లక్షలు. అది ఒక ఎత్తు. అసలు నష్టం ఇంకోటి, హవాలాలో పోయిన డబ్బుకి మీరు పెట్టుబడి పెట్టినట్టు ఈ భూమ్మీద ఎక్కడా ఆధారం ఉండదు. రేపు కంపెనీ లాభం మీకు తెప్పించుకోవాలన్నా, వాటా అమ్ముకోవాలన్నా, ఏ డబ్బుతో కొన్నావు అంటే ఏం చూపిస్తారు?

బ్యాంకు దారి అంత కష్టం కాదు. ఇక్కడ నివసించే ఒక్కో మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. మీది పెట్టుబడి కాబట్టి 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడి నిబంధనల కిందకి వస్తుంది. బ్యాంకుకి ఫారం ఎఫ్‌సీ ఇస్తే మీ పెట్టుబడికి రిజర్వు బ్యాంకు నుంచి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది, ఆ తర్వాతే డబ్బు కదలాలి. మన ఊళ్ళ బ్రాంచీల్లో ఈ ఫారం పేరు చెబితే బిత్తరపోతారు, మేనేజర్‌ని విదేశీ మారకం చూసే పెద్ద బ్రాంచికి రాయమనండి. కంపెనీ మొదలయ్యాక ఏటా డిసెంబరు 31 లోపు పనితీరు నివేదిక ఇవ్వాలి, ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. ఆ షెడ్యూలు ఎగ్గొడితే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా వేయొచ్చు, ఇక్కడ కూడా చాలామందికి తెలియదు.

"పన్ను పట్టేస్తారు" అన్నది టీసీఎస్ గురించి, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం. 25 లక్షలు ఒకేసారి పంపితే 15 లక్షల మీద 3 లక్షలు పడుతుంది. అది పోయే డబ్బు కాదు, మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది. కానీ అన్నాళ్ళు 3 లక్షలు ఇరుక్కుంటాయి, మీలాంటి వ్యాపారికి సీజన్లో అదీ నొప్పే.


షార్జా_చంటి:

సరే, నేను ఓడిపోయా. కానీ ఒకటి, సరుకు పంపేటప్పుడు సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం, మర్చిపోకండి. ఇండియా, యూఏఈ వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి ఉంది కదా, ఆ సర్టిఫికేట్ ఉంటే చాలా సరుకుల మీద మామూలు 5 శాతం సుంకం కూడా ఉండదు. ఇది నా ఐటీ ఫ్రెండ్ చెప్పలేదులెండి, మా కంపెనీలో రోజూ చేసే పనే.


రాజోలు_కురిడీ:

మూడు వారాల తర్వాత వస్తున్నా, ఏం జరిగిందో చెప్పడం న్యాయం.

బావకి ఫోన్ చేసి, మీరు చెప్పినవన్నీ వరసగా చెప్పాను. "నా మీద నమ్మకం లేదా" అని పెట్టేశాడు. ఐదు రోజులు మాటల్లేవు. ఆరో రోజు అక్క ఫోన్ చేసింది. వాళ్ళింట్లో ఏం జరిగిందో తెలియదు కానీ "నా తమ్ముడి పేరు రాయడానికి ఎవరికి ఇబ్బంది అని అడిగాను" అంది, అంతే. మర్నాడు బావ సెలవు పెట్టి కౌంటర్‌కి వెళ్ళొచ్చాడు. ఆహార సరుకుల వ్యాపారానికి మన పేరు మీదే తీసుకోవచ్చు, ఎమిరాతీ వాటా అక్కర్లేదు అన్నారట. టైపింగ్ సెంటర్ ఆయన్ని నిలదీస్తే "పాత పద్ధతైతే తేలిక సార్" అన్నాడట. ఎవరికి తేలికో చెప్పలేదు.

ఇప్పుడు అనుకున్నది ఏంటంటే, బావ 60, నేను 40. ఇద్దరి పేర్లూ ఒప్పందంలో. రెండు వేల దిర్హమ్‌లు దాటితే ఇద్దరి సంతకం. షాపు వద్దు, మొదటి ఏడాది చిన్న స్టోరు తీసుకుని కొట్లకి హోల్‌సేల్ మాత్రమే. బావ వాళ్ళ యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాడు, రాకపోతే ఆగుతాం. నేను పంపేది 10 లక్షలే, నా డబ్బే, ఈ ఆర్థిక సంవత్సరానికి టీసీఎస్ కూడా లేదు. తోట జోలికి పోవట్లేదని చెబితే నాన్న మధ్యాహ్నం చక్కగా భోంచేశాడు.

ఫారం ఎఫ్‌సీ అనగానే మా బ్రాంచిలో ఆడిటర్ గారు చెప్పినట్టే బిత్తరపోయారు. కాకినాడకి రాశారు, చూడాలి.

ఇంకా తేలనిది లేబుల్. ప్యాకెట్ల మీద అరబిక్‌లో పదార్థాలు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలట, దుబాయ్ మున్సిపాలిటీలో ఒక్కో ఉత్పత్తినీ నమోదు చేయాలట. పూతరేకులు చుట్టే ఆవిడని గడువు ఎన్ని రోజులు వేయాలమ్మా అని అడిగితే "ఇంట్లో పెడితే సాయంత్రం దాకా ఉంటే గొప్ప, పిల్లలు ఉంచరు" అంది. దీనికి అరబిక్‌లో ఏం రాయాలో ఎవరైనా చెప్పండి.


ముమ్మిడివరం_బాబాయ్:

రొయ్యలు, కురిడీతో మొదలెట్టు, పూతరేకులు తర్వాత చూద్దువు గాని. ఒక్క విషయం, సరుకులో గానీ, మసాలా పొడుల్లో గానీ, అక్కకి పంపే పార్సిల్లో గానీ గసగసాలు ఉండకూడదు. యూఏఈలో వాటిని మత్తు పదార్థం కింద లెక్కేస్తారు. కోడికూరలోకని తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టులో ఇరుక్కున్నవాళ్ళున్నారు.


రాజోలు_కురిడీ:

బాబాయ్ గారూ, మా అమ్మ పోయిన నెల కూడా అక్కకి పావుకిలో కట్టి ఇచ్చింది. బావ వాళ్ళు దాంతోనే దిగారు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.